బోరు పాయింటు మీద గోల్ఫ్ జెండా

గోల్ఫ్ నేర్చుకోబోయి ఒక రైతు చేత బర్రెను అమ్మించబోయిన మహానుభావుణ్ని నేను. నవ్వుకోండి, ఫరవాలేదు. ఇప్పుడు నాకూ నవ్వే వస్తుంది, అప్పుడు మాత్రం చెమటలు పట్టాయి.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. ఉద్యోగం మీద గిద్దలూరు నుంచి చంద్రశేఖరపురం వచ్చి రెండు నెలలైంది. ఆఫీసులో "ఫైలేదీ?" అనేవాళ్లే గానీ "తిన్నావా?" అనేవాళ్లు లేరు. క్యారమ్స్‌కు ఇంకొకడు కావాలి, పేకాటకు ముగ్గురు కావాలి. గోల్ఫ్ ఒంటరిగా కూడా ఆడుకోవచ్చని ఫోన్లో ఒక వీడియో చెప్పింది. ఇంకేం, పాత కర్ర ఒకటి, బంతులు నాలుగు తెప్పించాను.

సాయంత్రం కాగానే ఊరి బయట కంది కోసేసిన చేలో దిగేవాణ్ని. తల ఎత్తొద్దు, చూపు నేల మీదే ఉంచమని వీడియో గురువు ఆజ్ఞ. కొడితే బంతి కదిలేది కాదు, మట్టి మాత్రం బారెడు దూరం పోయేది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పంతా నేలదే అనుకున్నాను. చిన్న గుంత తవ్వి, అందులో ఎర్రగుడ్డ జెండా పాతాను.

మీరే చెప్పండి. నీళ్లకు మొహం వాచిన ఊళ్లో ఒకడు కర్ర పట్టుకుని, తలొంచుకుని చేనంతా తిరిగి, ఆగి ఆగి నేలను చూసి, ఒకచోట జెండా పాతితే ఎవరనుకుంటారు? బోరుకు పాయింటు చూసేవాడనే కదా! ఆ చేను గల గురవయ్య గట్టు మీద నుంచి కేకేశాడు.

"ఏంది సారూ, పాయింట్ చూస్తున్నావా?"

కాదనాలి. కానీ రెండు నెలల్లో ఆఫీసు పని లేకుండా నన్ను పలకరించిన మొదటి మనిషి ఆయనే. "ఊఁ" అన్నాను.

మర్నాడు ఫ్లాస్కులో టీ వచ్చింది. ఆ మర్నాడు జొన్నరొట్టె, గోంగూర పచ్చడి. సారు కాస్తా అల్లుడయ్యాడు. "మీ నాయన ఏం చేస్తాడు అల్లుడా? పెండ్లెప్పుడు?" అని ఆయన అడుగుతుంటే నాకు ప్రాణం లేచొచ్చేది. బంతి జేబులో దాచి, జెండా చుట్టూ గంభీరంగా తిరిగేవాణ్ని.

నాలుగో రోజు గురవయ్య మామ నా పక్కనే కూర్చుని సంబరంగా చెప్పాడు.

"అల్లుడా, రేపు బర్రెను సంతకు తోలుతున్నా. ఎల్లుండి బోరు బండి వస్తాది. నీ జెండా కాడే ఏపిస్తా."

నోట్లో రొట్టె నోట్లోనే ఉండిపోయింది.

"వద్దు మామా! నాకు నీళ్ల సంగతి తెలీదు. ఇది ఆట."

"ఆటేంది?"

జేబులోంచి బంతి తీసి చూపించాను. "దీన్ని కర్రతో కొట్టి ఈ గుంతలో ఏయాల."

"ఎవరితో ఆడతావు?"

"ఎవరితో లేదు మామా. ఒక్కణ్నే."

తిడతాడనుకున్నాను. ఆయన నన్ను కిందికీ పైకీ చూశాడు.

"మా ఊళ్లో పిచ్చోడు కూడా ఎనకాల నలుగురిని ఏసుకుని తిరుగుతాడు గదా సారూ!"

సారూ! అల్లుడరికం అక్కడితో రద్దు. జెండా పీకి నా చేతికిచ్చి, ఫ్లాస్కు తీసుకుని వెళ్లిపోయాడు. బర్రె బతికిపోయింది. రెండు సాయంత్రాలు ఆ గట్టు వైపే చూస్తూ కూర్చున్నాను, ఎవరూ రాలేదు. అబద్ధమెందుకు, ఏడుపొచ్చింది.

అందుకే ఆ చేలోనే, గోల్ఫ్ కర్ర సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. ఇక జన్మలో ఎవరి నేలలోనూ జెండా పాతను. ఏం చేస్తున్నావని ఎవరైనా అడిగితే మాత్రం ఉన్నదే చెబుతాను: "ఏమీ తోచక తిరుగుతున్నా మామా, కాసేపు కూచ్చో."