పుస్తకంలో తప్పిపోయిన యాడి

అక్క పోయిందన్న కబురు నాకు ఘనపూర్‌లో అందింది. ప్రార్థన కూటంలో మైకు పట్టుకుని గొంతు చించుకుంటున్నాను. జేబులో ఫోను ఆగకుండా అదురుతుంటే తీసి చూశాను. అక్క మరిది కొడుకు. "పెద్దమ్మ పోయిందన్నా" అన్నాడు, అంతే. మైకు కట్టేయడం మరిచిపోయాను. నా ఏడుపు ఆ వాడంతా వినబడిందని తర్వాత చెప్పారు.

అక్క అంటే నా తోడబుట్టింది కాదు. జనగామలో నా టైలరింగ్ దుకాణం పక్కనే వాళ్ల కిరాణా హోల్‌సేల్. నాది శిలువ, ఆమెది వెంకన్న నామం. చిల్పూర్ గుట్టకు పోయి వచ్చినప్పుడల్లా ప్రసాదం తెచ్చి నా మిషను మీద పెట్టేది. "తినకుంటె మానె, చీమలకన్న పెట్టు" అనేది.

ఆమె పిల్లలకు కథలు రాసేది. గిరాకీ లేని మధ్యాహ్నాలు, బెల్లం బస్తాల నడుమ స్టూలేసుకుని. నేనేమో బడి మొహం చూడక, బైబిలు వాక్యం ఒక్కటే పట్టుకుని అక్షరాలు కూడబలుక్కున్న మనిషిని. కథలన్నీ కల్పితాలే కదా, ఎందుకివి అని ఒకనాడు వాదానికి దిగాను. ఆమె పప్పు తూస్తూ తలెత్తలేదు.

"మీ ప్రభువు చెప్పిన గొర్రె తప్పిపోయిన ముచ్చట ఉన్నది గదా. ఆ గొర్రె ఏ ఊరిది తమ్మీ?"

నేను పోయి నా మిషను ముందు కూర్చున్నాను.

సరుకులకు వచ్చే లంబాడా ఆడవాళ్లతో మాట్లాడి మాట్లాడి వాళ్ల భాష కొంత నేర్చింది అక్క. ఆ నేర్చినదాంతో ఒక కథ రాసింది. మహబూబాబాద్ పక్క తండా పిల్ల ఒకతె అంగట్లో తల్లి చేయి వదిలి తప్పిపోతుంది. "యాడీ, యాడీ" అని పిలుస్తూ తిరుగుతుంది. వాళ్ల భాషలో యాడి అంటే అమ్మ.

పుస్తకం అచ్చయి వచ్చింది. విప్పి చూస్తే యాడి లేదు. పట్నంలో అచ్చుతప్పులు చూసే ఆయన అది తప్పనుకుని, అంతటా "ఏడీ" అని దిద్దేశాడు. ఇప్పుడు ఆ పిల్ల అంగడంతా "ఏడీ, ఏడీ" అని తిరుగుతోంది. ఎవడి కోసమో తెలియదు. ఒక సభలో ఒక పెద్దమనిషి లేచి, ఆ పసిదాని ప్రశ్న దేవుడి గురించేనని చాలాసేపు వివరించాడట. అది చెబుతూ అక్క పడి పడి నవ్వింది. నవ్వి, కొంగుతో కళ్లొత్తుకుంది.

"మీ గ్రంథంల పొల్లు గూడ పోదని మైకుల మొత్తుకుంటవ్ గదా. నా పుస్తకంల తల్లే పోయింది."

ఎన్నో ప్రసంగాలు విన్నాను, చేశాను. అంత చిన్నది, అంత లోతుగా దిగింది ఇంకోటి లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. పసివాళ్లను తొట్రుపరిచేవాడి మెడకు తిరుగలి రాయి కట్టాలని లేఖనం ఎత్తుకున్నాను. అక్క ఆపింది.

"తెల్వక చేసిండు తమ్మీ. రాయి వద్దు, రబ్బరు సాలు."

మెత్తగా అన్నది గానీ మెత్తటి మనిషి కాదు. ప్రచురణకర్త ఫోనులో, మళ్లీ వేసేటప్పుడు "అమ్మ" అని పెడదాం, అందరికీ అర్థమవుతుంది అన్నాడు. యాడి అని పెట్టేదాకా ఇంకో కథ ఇవ్వనని చెప్పి పెట్టేసింది. అప్పటికే, ఎదిగే పిల్లల కోసం, భూపాలపల్లి బొగ్గుబాయి కార్మికుడి బిడ్డ మీద నవల రాసి పెట్టుకుంది. అది ఏళ్ల తరబడి దుకాణంలోనే పడి బెల్లం వాసన పట్టింది. ఒక్క మాటకు ఇంత మొండితనమా అని ఇంట్లోవాళ్లు విసుక్కున్నారు. ఆమె చెయ్యి వణకడం మొదలైంది. "నేనుండంగ వస్తదో రాదో" అని నాతో ఒక్కసారే అంది.

ఈలోగా చేతికందిన ప్రతులన్నీ ముందేసుకుని, ఇద్దరం ఏ కొట్టేసి పైన యా రాశాం. "గుండీ కుట్టినట్టు రాయి, ఊడిపోవద్దు" అనేది. వాటిని పట్టుకుని నా స్కూటరు వెనక కూర్చుని తండాలకు వచ్చేది. నేను వాక్యం చెప్పాక మైకు ఆమెకిచ్చేవాణ్ని. ఇంటి మాట బడిలో అంటే నవ్వుతారని పెదవి విప్పని పిల్లలు ముందుకు జరిగి కూర్చునేవారు. కథలో "యాడీ" అని అక్క పిలిస్తే, మిరపకాయల తొడిమెలు తీస్తున్న తల్లులు నిజంగానే తలెత్తేవారు.

తండా బడుల పంతుళ్లు దిద్దిన పుస్తకమే కావాలని అడుగుతూ పోతే, చివరికి ప్రచురణకర్త దిగివచ్చాడు. కొత్త ప్రతులు వచ్చేసరికి అక్క దవాఖాన మంచం మీద ఉంది. కట్ట విప్పి ఒకటి చేతికిచ్చాను. అద్దాలు పెట్టుకుని, వేలితో వెతికి, ఒకచోట ఆపింది.

"ఉన్నది" అంది. పుస్తకం మూసి, "ఇగ నవల ఇయ్యి వాళ్లకు" అంది.

ఇచ్చాను. ఆ తర్వాత ఎక్కువ రోజులు లేదు.

మొన్న మళ్లీ ఆ మహబూబాబాద్ పక్క తండాకు పోయాను. వాక్యం తెరుస్తూ తలెత్తి చూశాను. ఎదురింటి గడప మీద ఒక పిల్ల పాత ప్రతి ఒళ్లో పెట్టుకుని కూడబలుక్కుంటోంది. కొట్టేసిన అక్షరం మీద నీలి సిరా, వణికిన చేతిరాత. పిల్ల అక్కడికొచ్చి ఆగి, గొంతెత్తి, "యాడీ" అని చదివింది.

లోపల రొట్టెలు చేస్తున్న తల్లి, చేతులకంటిన పిండితోనే గడపలోకి వచ్చి నిలబడింది.