చీలా పెట్టిన ఆవిడ

పెనం మీద బియ్యప్పిండి కాలే వాసన వస్తే నాకు తొంభైలనాటి భిలాయి సెక్టర్ 4 గుర్తొస్తుంది. అక్కడ స్టీల్ ప్లాంట్ క్వార్టర్లన్నీ ఒకేలా ఉండేవి. ఒకటో తరగతిలో ఓ మధ్యాహ్నం స్కూలు నుంచి వస్తూ నేను ఒక వీధి ముందే తిరిగి, మా ఇల్లే అనుకుని ఎవరింట్లోకో వెళ్ళి బూట్లు విప్పేశాను. వంటింట్లో అమ్మ లేదు, ఎవరో ఆవిడ ఉంది. ఏడుపందుకున్నాను.

ఆవిడ దోసెలాంటి చీలా వేడివేడిగా తినిపించి, నా స్కూలు డైరీలో క్వార్టర్ నంబరు చూసి, ఎండలో ఇంటికి తీసుకొచ్చింది.

"ఏటే, ఇంతసేపు ఎక్కడికెళ్లిపోనావ్?" అమ్మ చెయ్యెత్తింది.

"కొట్టకండి బెహన్‌జీ, చీలా తిని వెళ్ళమని నేనే పిలిచాను," అందావిడ హిందీలో.

అమ్మ చెయ్యి దించింది.

ఆవిడ పేరు నాకిప్పటికీ తెలియదు. ఆవిడ అటు వెళ్ళగానే "అమ్మా, ఆంటీ అబద్ధం చెప్పింది" అని చాడీ చెప్పింది మాత్రం నేనే.