రెండిళ్లలో ఒక్క జీపు

మొన్న శుక్రవారం మా చిన్నమ్మాయి కొత్త కారు కొనుక్కుని, షోరూములో వేసిన పూలదండ ఇంకా వాడకముందే మాకు చూపించాలని ఎల్బీ నగర్‌లో మా ఇంటి ముందుకు తెచ్చి నిలిపింది. నేను పసుపు కుంకుమ బొట్లు పెట్టి, హారతిచ్చి, చక్రాల కింద నిమ్మకాయలు సర్దుతుంటే మా ఆయన ఎవరూ చెప్పకుండానే వెళ్లి కారు ముందు భాగం దగ్గర, బంపరుకు ఎదురుగా, కొంచెం వంగి నిలబడ్డారు. అమ్మాయి లోపల కూర్చుని ఏదో బొత్తాం నొక్కింది. చప్పుడే రాలేదు, అద్దం వెనక దీపాలు వెలిగాయి, అంతే, బండి సిద్ధమట.

"ఒక్కదానివే స్టార్ట్ చేస్తవా బిడ్డా?" అని అడిగారాయన.

"ఒక్కదాన్నే నాయినా, ఇంకెవరు గావాలె?" అని అది నవ్వింది.

ఆయన నవ్వలేదు. పక్కకు జరిగి దారిచ్చారు. నిమ్మకాయలు నలిగి బండి కదిలిపోయాక కూడా ఆ గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. ఎందుకో చెప్పాలంటే మా మరిది సంగతి చెప్పాలి, మరిది సంగతంటే జీపు సంగతే.

నేను పోచంపల్లి దగ్గర మగ్గాల ఇంట్లో పుట్టి, అయిదో తరగతితో బడి మానేసి, నల్గొండ వైపు వ్యవసాయం చేసుకునే ఇంటికి కోడలిగా వచ్చినదాన్ని. నేను వచ్చేసరికే మా ఆయనా ఆయన తమ్ముడూ పొలం వదిలి పట్నంలో షెడ్డు పెట్టుకున్నారు. నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఎల్బీ నగర్ అంటే దుమ్ము, లారీలు, విజయవాడ బస్సు కోసం మూటల మీద కూర్చున్న జనం. అక్కడే ఒక మూల రేకుల షెడ్డులో ఈ అన్నదమ్ములిద్దరూ పాత మిలిటరీ జీపులను బాగు చేసేవాళ్లు. మిలిటరీ వాళ్లు కాలం తీరిన బళ్లను వేలం వేస్తారు కదా, వీళ్లు పొద్దున్నే సద్ది కట్టించుకుని ఆ వేలాలకు పోయి, సాయంత్రానికి ఏ తుక్కునో లారీ వెనక కట్టుకుని లాక్కొచ్చేవాళ్లు. తుక్కు అని నేననడమే గాని వాళ్లనేవాళ్లు కాదు. హెడ్‌లైట్లలో కందిరీగలు గూళ్లు పెట్టినవీ, అడుగు రేకు తుప్పు పట్టి అందులోంచి పిచ్చి మొక్కలు మొలిచినవీ, అలాంటివాటి చుట్టూ ఇద్దరూ తిరిగి తిరిగి పెళ్లిచూపులకు వచ్చినవాళ్లలాగా మురిసిపోయేవాళ్లు.

ఇంజను పనంతా మా ఆయనది, రేకు పని, రంగు పని మరిదిది. పైన కప్పే క్యాన్వాసు టాపు, సీట్ల గుడ్డ కుట్టడం నాది. మగ్గం ముందు పెరిగినదాన్ని గనక ఏ గుడ్డ ఎటు లాగితే ఎటు సాగుతుందో చేతికి తెలిసేది. మరిది పాత రంగు గీకుతూ ఉంటే పచ్చ కింద పచ్చ, దాని కింద ఇసుక రంగు, దాని కింద మళ్లీ పచ్చ బయటపడేవి. "వదినా, జర ఇటు రా, ఇది గూడ నీ లెక్కనే ఉన్నది, చీర మీద చీర గట్టింది" అని నన్ను ఏడిపించేవాడు. నేనూ ఊరుకునేదాన్ని కాదు, "మీ అన్న ఒక్క చీర దెస్తే గద నాయినా, మీద మీద గట్టెటందుకు" అనేదాన్ని. ఇంజను కిందనుంచి కాళ్లు మాత్రమే కనబడుతున్న మా ఆయన ఏదో గొణిగేవారు. అప్పటికి నా తోడికోడలు కొత్తగా కాపురానికి వచ్చింది, బావగారి ముందు గొంతెత్తేది కాదు, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది.

ఆ జీపులకు బొత్తాలు లేవు. కొన్నిటికి తాళంచెవితో స్టార్టయ్యే ఏర్పాటు ఉన్నా బ్యాటరీ ఎప్పుడు మొరాయిస్తుందో తెలియదు, అందుకని ముందు నుంచి ఇనప హ్యాండిల్ దూర్చి చేత్తో తిప్పాలి. ఒకరు ముందు నిలబడి తిప్పాలి, ఒకరు సీట్లో కూర్చుని యాక్సిలరేటర్ చూసుకోవాలి. బండి పొరపాటున గేరులో ఉండగా తిప్పితే అది ముందుకు దూకి తిప్పేవాడి మీదికే ఎక్కుతుంది. అందుకని మా షెడ్డులో ఒక అలవాటు ఉండేది. మా ఆయన హ్యాండిల్ దూర్చి, వంగి, తిప్పేముందు "న్యూట్రలేనా తమ్మీ?" అని అడిగేవారు. మరిది గేరు కర్ర ఊపి చూసి "న్యూట్రలే, తిప్పన్నా!" అనేవాడు. ఆ జవాబు వినబడందే మా ఆయన చెయ్యి కదిలేది కాదు. పక్క షెడ్ల వాళ్లు వెక్కిరించేవాళ్లు, మీ అన్నదమ్ముల మంత్రాలు అయినయా అని.

చాలా జీపులు అలా వచ్చి, బాగుపడి, ఎవరెవరి ఇళ్లకో వెళ్లిపోయాయి. ఒకటి మాత్రం మేం అమ్మలేదు. మా చిన్నమ్మాయి కడుపులో ఉండగా, మంచి వానలో, మధ్యాహ్నం పూట నాకు నొప్పులు మొదలైతే ఆటోలు రాలేదు. రంగు కూడా పూర్తిగా వెయ్యని ఆ జీపులో నన్ను వెనక పడుకోబెట్టి, నేను కుట్టిన టాపే నా మీద కప్పి, అన్నదమ్ములు దవాఖానకు తీసుకుపోయారు. ఆ నొప్పుల్లోనూ వానలోంచి ముందు ఒక గొంతు, నా తల దగ్గర ఒక గొంతు వినబడి, ఏం భయం లేదులే అనుకున్నాను. పిల్ల పుట్టాక మరిది ఉయ్యాల దగ్గరకొచ్చి "వదినా, గా జీపు ఇగ అమ్మేది లేదు, గది మన ఇంటి మనిషి" అన్నాడు. మా ఆయన కాదనలేదు.

ఆ ఇంటి మనిషే మా ఇంటిని విడగొట్టింది.

మా ఆయన ఊళ్లో పెళ్లికి వెళ్లిన రోజుల్లో, అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక సినిమా షూటింగు జరుగుతోందని ఎవరో వచ్చి జీపు కిరాయికి అడిగితే మరిది ఇచ్చాడు. తిరిగి వచ్చిన బండి బానెట్‌కు కెమెరా బిగించడానికి పొడిచిన బెజ్జాలున్నాయి, ఒళ్లంతా బురద రంగు పూసి ఉంది. ఊరి నుంచి వచ్చిన మనిషి చేతిసంచి కూడా దించకుండా ఆ బెజ్జాల్లో వేలు పెట్టి చూశారు.

"ఎవర్నడిగి ఇచ్చినవురా?"

"అడగాల్నా అన్నా? సగం నాది గాదా?"

"నీదైతే నీ సగమే ఇయ్యాలె. నా సగానికెందుకు బొక్కలు గొట్టిచ్చినవ్?"

ఎవరో ఒకరు అక్కడితో ఆగితే బాగుండేది. మరిది తప్పయిందనడానికే నోరు తెరిచాడేమో, నాకైతే అలాగే అనిపించింది, కాని ఈయన వినే స్థితిలో లేరు. మాట మీద మాట పెరిగి, పొయ్యిలు వేరై, చివరికి ఊరి నుంచి వాళ్ల మేనమామ పంపకాలకు వచ్చి షెడ్డు మధ్యలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

మా వైపు పంపకాల్లో ఒక కట్టుబాటుంది. పెద్దవాడు పాళ్లు వేయాలి, చిన్నవాడు ముందు కోరుకోవాలి. అలాగైతే పెద్దవాడు పక్షపాతం చేయలేడని. షెడ్డు ఒక పాలు, అల్మాస్‌గూడలో కొన్న ఇంటి జాగా ఒక పాలు అంటే మరిది జాగా కోరుకున్నాడు. పానాలు, సుత్తులు పంచుకున్నారు. జీపు దగ్గరికి వచ్చేసరికి మేనమామ, "దీన్ని అమ్మి చెరింత దీస్కోండ్రి" అన్నాడు. "అమ్మేది లేదు" అని ఇద్దరూ ఒక్కసారే అన్నారు. ఆ రోజంతటిలో ఇద్దరూ కలిసి అన్న మాట అదొక్కటే. అప్పుడు మా ఆయన నేల చూస్తూ, "ఇంజను ఒక పాలు. బాడీ ఒక పాలు. కోరుకొమ్మను" అన్నారు.

వద్దన్నా, బండిని నరకొద్దు, నువ్వే ఉంచుకో అని తమ్ముడంటాడని ఈయన ఆశ. ఎన్నో ఏళ్ల తరువాత నాతో చెప్పుకున్నారు. ఛ, కోపంలో అన్నాన్లే, అని అన్నే వెనక్కి తీసుకుంటాడని అతని ఆశ కాబోలు, చాలాసేపు అన్న ముఖంలోకే చూశాడు. ఆ తరువాత "బాడీ" అన్నాడు.

ఇంజను వేరే ఎవరినీ ముట్టనివ్వలేదు, చైన్ కప్పీ కట్టి వాళ్లిద్దరే దించారు. అంత కోపంలోనూ ఈయన చెయ్యి చాపితే అడగకుండానే ఆ చేతిలో కావలసిన పానా పడుతూనే ఉంది. నేనూ తోడికోడలూ వాకిట్లో నిలబడి ఆ చేతులనే చూస్తూ ఏడ్చాం. తరువాత ఇంజను లేని జీపును ట్రాక్టరుకు తాడుతో కట్టారు. మరిది స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. తాడు ఎటు లాగితే అటు వెళ్లే బండిలో, వెనక్కి తిరగకుండా, అల్మాస్‌గూడ దాకా అలాగే వెళ్లిపోయాడు.

తరువాత ఎల్బీ నగర్‌కు మెట్రో స్తంభాలు లేచాయి, షెడ్డు పోయి అక్కడ ఇల్లు లేచింది, ఇంజను మా మెట్ల కిందికి చేరింది. అది పట్టేయకుండా మా ఆయన అప్పుడప్పుడు ఆయిలు పోసి చేత్తో తిప్పి గోనెసంచి కప్పేవారు. కలపొచ్చు కదా అని నేనంటే, వాడొచ్చి అడగనీ అనేవారు. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణంలో తోడికోడలు కనబడితే పిల్లల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకునేవాళ్లం. జీపు మాట ఎత్తే ధైర్యం ఇద్దరికీ ఉండేది కాదు.

వాడు రాలేదు. ఒకనాడు పని చేస్తూ చేస్తూ గుండె పట్టుకుని కూలిపోయాడని కబురే వచ్చింది. మా ఆయన అల్మాస్‌గూడ వెళ్లి తమ్ముడి పాడె మోశారు. వాకిట్లో టార్పాలిన్ కప్పిన ఆకారం వైపు మాత్రం కన్నెత్తి చూడలేదు.

కర్మలు అయిపోయి కొన్ని నెలలు గడిచాక తోడికోడలు ఫోన్ చేసింది. "ఇనుప సామానోడు అడుగుతున్నడక్కా. ఇల్లు కిరాయికియ్యాలంటే జాగ ఖాళీ జెయ్యాలె. కాని బావనొక మాట అడగకుండ ఇయ్యబుద్ధి అయితలేదు" అంది. అడగకుండా అన్న ఆ మాట నా నోట వినగానే ఈయన చెప్పులు వేసుకున్నారు.

టార్పాలిన్ తీశాక చూస్తే నేను కుట్టిన టాపు అలాగే ఉంది. ఒకచోట చిరిగితే తోడికోడలు తన చీర దారంతో ఎర్రగా కుట్టుకుంది. ఒంటికి మొదటి పచ్చరంగు మళ్లీ వచ్చింది. మా ఆయన బానెట్ మీద వేలితో తడిమి తడిమి చూశారు, బెజ్జాలు ఎక్కడుండేవో దొరకలేదు. అంత నున్నగా పూడ్చాడు. ఆ తరువాత బానెట్ ఎత్తారు.

ఇంజను ఉండవలసిన చోటు దేవుడి అర తుడిచినట్టు శుభ్రంగా ఉంది. ఇంజను కూర్చునే చోట కొత్త రబ్బర్లు వేసి, కొత్త బోల్టులు నిలిపి, గ్రీజు పూసి, దుమ్ము పడకుండా ఒక్కొక్కదానికీ గుడ్డ చుట్టి ఉంది. పెట్టడమే ఆలస్యం అన్నట్టు. ఈయన ఒక బోల్టుకు చుట్టిన గుడ్డ విప్పి, మళ్లీ చుట్టలేక, ఆ గుడ్డనే ముఖానికి అడ్డం పెట్టుకున్నారు.

మరునాడు ట్రాలీ ఆటోలో ఇంజను తీసుకుపోయి, తెలిసిన మెకానిక్కుల చేత పైకెత్తించి, బిగింపు మాత్రం తన చేతులతో తనే చేశారు. పెట్రోలు పోశాక హ్యాండిల్ తీసుకుని ముందుకు వెళ్లి, సీటు వైపు చూసి, నన్ను పిలిచారు. అన్నేళ్లు ఆ సీట్లకు గుడ్డలు కుట్టాను గాని స్టీరింగు ముందు ఎన్నడూ కూర్చోలేదు. ఏది నొక్కాలో చెప్పి, ఈయన వంగి హ్యాండిల్ దూర్చారు. దూర్చి, అలవాటు కొద్దీ, తల ఎత్తకుండానే అడిగేశారు.

"న్యూట్రలేనా తమ్మీ?"

ఆయనకు తను అన్నదేమిటో అప్పుడే తెలిసినట్టుంది, వంగిన మనిషి వంగినట్టే ఉండిపోయారు. జవాబు లేకుండా ఆయన చెయ్యి ఎన్నడూ కదలలేదు, అప్పుడూ కదల్లేదు. నేను గేరు కర్ర ఊపి చూశాను, అటూ ఇటూ తేలిగ్గా ఊగింది. ఆ ఊపడం గడపలో నిలబడ్డ తోడికోడలు చూసింది. ఎన్నడూ బావగారి ముందు గొంతెత్తని మనిషి, వాకిలంతా వినబడేటట్టు అంది.

"న్యూట్రలే. తిప్పుండ్రి బావా."

తిప్పారు. నిన్న మొన్న ఆపినట్టు ఇంజను అందుకుంది. మా ఆయన హ్యాండిల్ పట్టుకుని ఆ బంపరు ముందే నేల మీద కూలబడి, ఆ చప్పుడు వింటూ చిన్నపిల్లాడిలా ఏడ్చారు. బండిని మాత్రం తోలలేదు. అది అక్కడే ఉంటుందని చెప్పి, ఆ జాగాకు కిరాయి తనే ఇస్తానని మరదలిని ఒప్పించి, ఆటో ఎక్కి ఇంటికి వచ్చేశారు.

ఇప్పటి బళ్లు మంచివే. ముందు నిలబడి ఎవరూ చేతులు విరగ్గొట్టుకోనక్కర్లేదు, వానలో తడుస్తూ ఒకరి మీద ఒకరు కేకలు వేసుకోనక్కర్లేదు, గేరులో ఉందా లేదా అని ఎవరినీ అడగనక్కర్లేదు. ఒక్కదాన్నే, ఇంకెవరు కావాలి అని మా అమ్మాయి నవ్వుతూ అన్నదీ నిజమే, దాని తప్పేం లేదు. అది కారు తెచ్చిన ఆ సాయంత్రం మాత్రం ఈయన మెట్ల కింద, అన్నేళ్లు ఇంజను ఉన్న చోట, ఖాళీ గోనెసంచిని మడత పెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ మడత పెడుతూ చాలాసేపు కూర్చున్నారు. అన్నానికి లెమ్మని పిలిస్తే, "వస్తున్న, నువ్వు వడ్డియ్యి" అన్నారు గాని, లేవలేదు.