మహావారికి అంబలి లేదు

మా ఊరు పులికి భయపడదు. తెల్లదొరల మీద లేచిన ఫితూరీ చల్లారిన మరుసటేడు మాత్రం పట్టపగలు, కోళ్లతో సహా అడవిలోకి పారిపోయింది. పులి చేయలేని ఆ ఘనకార్యం నేను ఒక్క వాక్యంతో చేశాను. వినండి.

అరకులో మా కొండ మీద ఎనిమిదో క్లాసు గట్టెక్కిన మొదటివాణ్ణి నేనే. నా తల ఎంత బరువెక్కిందంటే, దిగుడు దారిలో కాళ్లకంటే ముందు అదే ఇల్లు చేరేది.

మా ఊరి పాత ఇటుకల దిబ్బ ఒకనాటి బౌద్ధ స్తూపమట, అది చూస్తామని ఇద్దరు బౌద్ధ భిక్షువులు వచ్చారు. కాషాయం కట్టినాయనది సింహళం, నల్ల అంగీ ఆయనది జపాను. నా ఇంగ్లీషు అర్థమైనట్టు నటించే దయ ఇద్దరికీ ఉంది కనుక దుబాసీని నేనే. ముందుగా ఊళ్లోకి పరుగెత్తి, బళ్లో చదివింది చాటాను.

“కాషాయం ఆయనది హీనయానం. నల్ల అంగీ ఆయనది మహాయానం.”

“అంటే ఏట్రా గుంటడా?” అంది అమ్మమ్మ.

“ఒకాయన తక్కువ, ఒకాయన గొప్ప.”

“ఆ గొప్పోడు మనల్నేటి సేత్తాడు?”

“గొప్పవారు ఏమైనా చేయగలరు,” అన్నాను గర్వంగా.

మావాళ్లు అప్పటిదాకా చూసిన గొప్పవారంతా కోళ్లు పట్టుకుపోయి, పెట్టెలు మోయించుకున్నవారే. నేను భిక్షువులను వెంటబెట్టుకొచ్చేసరికి ఊళ్లో మిగిలింది అమ్మమ్మా, ఆమె రాగులు కాచిన చోడంబలి కుండా.

సింహళం ఆయన మధ్యాహ్నం దాటితే మర్నాటిదాకా ఏమీ తినరు. పొద్దు అప్పటికే నడినెత్తికి జరుగుతోంది. అమ్మమ్మ ఆయన పాత్ర నింపింది.

“తాగు నాయనా. నువ్వు తక్కువోడివట. మేమూ అంతే.”

జపాను ఆయనకు దూరం నుంచే దండం పెట్టింది. “గొప్పోరు బాబూ, నా నడుం బాగోనేదు. మూటలు మొయ్యలేను.”

“ఆమె ఏమంటోంది?” అన్నారు సింహళం ఆయన. నిజం చెప్పే జబ్బు నాకు సరిగ్గా అప్పుడే సోకింది. అంతా చెప్పాను. ఆయన పాత్ర కింద పెట్టేశారు.

“మాది థేరవాదం. పెద్దల దారి. హీనమని మేమెన్నడూ చెప్పుకోలేదు, అవతలివారు అంటించారు. ఆ పేరు మీద వేసిన భిక్ష నాకొద్దు.”

“నావైపు చూస్తారేం? నేను అంటించలేదు,” అన్నారు జపాను ఆయన.

“మీ గ్రంథాలు అంటించాయి.”

“మీరు మాత్రం? మా గ్రంథాలు బుద్ధుడి మాటలే కావంటారు.”

“కావు కనుకే.”

శాంతమూర్తులు ఎంత శాంతంగా పోట్లాడుకుంటారో చూశాను. పొద్దు మాత్రం ఎవరి పక్షానా ఆగలేదు. అమ్మమ్మ నన్ను గిల్లింది.

“ఏటంతన్నాడు? బేగి సెప్పు.”

“ఆ పేరు పరాయివాళ్లు పెట్టిందట. ఆ పేరుతో పెడితే తినడట.”

“మనకి పరాయోల్లు ఎన్నెట్టనేదు? తిండి మానీసినామేటి? పేరు ఆల్లది, అంబలి నాది. ఏది కావాలో అడుగు.”

ఆ మాటను ఒక్క సొంత నగ కూడా తొడగకుండా ఇంగ్లీషులో దించాను. నా దుబాసీతనంలో నేటికీ గర్వపడేది ఆ ఒక్కదానికే. సింహళం ఆయన నవ్వి, పాత్ర ఎత్తి సగం జపాను ఆయన గిన్నెలో పోశారు. పొద్దు నడినెత్తి దాటకముందే రెండూ ఖాళీ. అమ్మమ్మ అడవి వైపు కూతేసింది. ఊరు తిరిగొచ్చింది.

“నాకేదే అమ్మమ్మా?”

“సదివినోడివి, గొప్పోడివి. నీకు మా అంబలేటి?” అని కుండ బోర్లించింది.

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు అంబలి కూడా పోయింది. ఇప్పటికీ నన్ను చూస్తే మా ఊరి పిల్లలు “మహా ఒచ్చీసినాడు” అంటూ కోళ్లు చంకన పెట్టుకుంటారు.

అందుకే కొండదేవత సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఎవరి పేరైనా వారినే అడిగి చెబుతాను. అదీ నా అంబలి తాగేశాకే.