సముద్రపు జంతువు వేషం కట్టిన అక్క

మొన్న ఆదివారం పొద్దున్నే మా పాత పక్కింటి అక్క కూతురు ఫోన్ చేసింది. "చిన్నమ్మా, అమ్మ పోయింది. నిద్రలనే పోయింది" అంది.

నాచారంలో మా రెండిళ్లకీ గోడ ఒకటే. పెళ్లయి కొత్తగా వెళ్లిన నాకు అక్కడ మొదట దగ్గరైన మనిషి అక్కే. బట్టలు కుట్టేది. ఎవరింటికి వెళ్లినా ముందు కర్టెను అంచు రెండు వేళ్లతో నలిపి చూసేది. ఇంట్లో ఏ గొడవైనా, "కుట్టు తప్పువోతే ఇప్పి మల్ల కుట్టుకుంటం గద, ఫికరెందుకు?" అనేది.

ఎనభైల చివర్లో మా దగ్గరి స్టూడియోలో ఒక సినిమా తీశారు. మీలో ఎవరూ చూసి ఉండరు. ఫ్యాక్టరీ విషం కలిసిన సముద్రంలోంచి వింత జంతువులు లేచి మనుషుల మీద పడతాయి. ఒక సైంటిస్టు వాటితో పోరాడతాడు. చేతిలో డబ్బు లేని సినిమా కాబట్టి సముద్రం కూడా మా చెరువే. జంతువు వేషం కుట్టే పని అక్కకి వచ్చింది. స్పాంజి, రెయిన్‌కోటు గుడ్డ, సైకిల్ ట్యూబులు తెచ్చి, వేసుకునేవాడు తనంత మనిషేనని తన కొలతలకే కుట్టింది. వేషం వేయాల్సినతను ఆ తలకాయలో ఊపిరాడక మొదటిరోజే పారిపోయాడు. మిగిలినవాళ్లెవరికీ అది పట్టలేదు.

"నేనే ఏస్కుంట" అంది అక్క.

వాళ్ల అత్తగారు ప్రార్థన తప్పని మనిషి. "దయ్యం యేసం గడ్తవా? రేపు చర్చిల నా మొకం ఏడ వెట్టుకోవాలె?" అని మండిపడింది.

"దయ్యం గాదత్తమ్మా, చాప. చాపను దేవుడే జేసిండు గద!"

ఆ పూట నుంచి ముసలామె కోడలితో మాట్లాడలేదు. కోడలి చేతి అన్నం ముట్టలేదు. నేనే కంచంలో పెట్టి తీసుకెళ్లేదాన్ని.

చెరువులో దిగిన రోజు నేను గట్టు మీదే ఉన్నాను. స్పాంజి నీళ్లు పీల్చుకుని బరువెక్కింది. నడుములోతుకు వెళ్లేసరికి అక్క ఒరిగిపోయింది. చేతులు కొట్టుకుంటుంటే అందరూ నటన అనుకుని చప్పట్లు కొట్టారు. నేను గట్టిగా అరిచాకే లైట్‌బాయ్‌లు దూకి బయటికి లాగారు. తలకాయ ఊడదీస్తే పెదాలు నల్లబడి ఉన్నాయి.

ఇక వద్దన్నాడు బావ. సాయంత్రం వెళ్లి చూస్తే, అక్క వేషాన్ని ఒళ్లో వేసుకుని, నీళ్లు కారిపోయేలా కాళ్ల దగ్గర కుట్లు విప్పుతోంది.

"భయమైతలేదా అక్కా?"

"మస్తయితుంది. గని సగంల ఇడిసిపెడ్తే నాకు నిద్ర వట్టది."

మర్నాడు మళ్లీ దిగింది. పూర్తి చేసింది.

ఉప్పల్‌లో సినిమా ఆడుతున్నప్పుడు మేం ఆడవాళ్లమంతా బయల్దేరాం. చెరువు సంగతి కొడుకు నోట అప్పుడే విన్నదేమో, ముసలామె ఎవరూ పిలవకుండానే చీర మార్చుకుని మా వెంట వచ్చింది. జంతువు వీపు మీద జిప్పు కనబడిందని హాల్లో కుర్రాళ్లు ఈలలు వేశారు. అక్క వాళ్లకన్నా గట్టిగా నవ్వింది. చివర్లో జంతువు చచ్చిపోయే సీను వచ్చింది. అక్క నిజంగా మునిగిన ముక్కనే అందులో పెట్టుకున్నారు.

ముసలామె లేచి నిలబడింది. "అయ్యో, మునుగుతున్నది! ఎవలన్న పట్టుండ్రి!"

హాలంతా మావైపు తిరిగింది. అక్క ఆమె చెయ్యి పట్టుకుంది. "కూసో అత్తమ్మా. నేనీడనే ఉన్న."

ఆమె కూర్చోలేదు. చీకట్లో తడుముకుంటూ కోడలి ముఖం మీద అరచెయ్యి పెట్టి అలాగే నిలబడింది. తెర మీది నీళ్ల వెలుగు వాళ్లిద్దరి మీదా కదులుతూ ఉంది.