మేస్త్రీ పొయ్యని నీళ్ళు

మా బావ గడ్డి మేస్త్రీ. గడ్డికి మేస్త్రీ ఏమిటని జనం నవ్వుతారు. ఆ నవ్వేవాళ్ళను ఒక్కసారి మా గోల్ఫ్ మైదానానికి తీసుకొచ్చి, ఇంత మేర గడ్డిని చాప పరిచినట్టు ఒకే ఎత్తున ఉంచి చూపించండి చూద్దాం అనాలి. తల ప్రాణం తోకకు రావడమంటే ఏమిటో అప్పుడు తెలుస్తుంది. నేనూ అక్కడే బూట్ల గదిలో పనిచేస్తాను. ఆటగాళ్ళ బూట్ల అడుగున మేకుల మధ్య ఇరుక్కున్న మట్టి గీకి, కడిగి, ఆరబెట్టి అరల్లో పెట్టడం నా పని. ఆయన పెంచిందంతా నేను గీకి పారేస్తానని మా అక్క ఎగతాళి చేస్తుంటుంది.

బావ మాటకారి కాదు. ఎండలు ముదిరితే ఇంట్లో అసలు మనిషే కాదు. కంచం ముందు కూర్చుని కూడా కిటికీలోంచి ఆకాశం వంకే చూస్తుంటాడు. "మీకు ఆ గడ్డినిచ్చి పెళ్ళి చేయాల్సింది" అంటుంది అక్క. "అది నీలా నోరు చేసుకోదు" అంటాడు ఆయన. ఆ రోజుకు వాళ్ళిద్దరి సరసం అంతే.

మా మైదానంలో ఏటా ఒక పెద్ద పోటీ జరుగుతుంది. దేశదేశాల ఆటగాళ్ళు వస్తారు, టీవీలో చూపిస్తారు. ఈ ఏడు ఆ పోటీకి కొత్త గాలి సోకింది. పర్యావరణానికి హాని చేయని పోటీ అని గుర్తింపు తెచ్చుకోవాలట. ప్లాస్టిక్ సీసాలు పోయాయి. డీజిల్ బండ్లు పోయాయి. నా గదిలో బూట్లు చుట్టే సంచులు కూడా పోయి గుడ్డవి వచ్చాయి. చెత్తకు రంగురంగుల డబ్బాలు వరసగా పెట్టారు. టీ తాగిన కప్పు ఏ డబ్బాలో వెయ్యాలో తేలక జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చినవాణ్ణి నేను.

అన్నింటికన్నా పెద్ద సంగతి నీళ్ళు. ఈ వ్యవహారమంతా చూడటానికి ఒక చదువుకున్న అమ్మాయిని పెట్టారు. మేమంతా ఆవిణ్ణి పర్యావరణం మేడమ్ అంటాం. ఒకరోజు పనిముట్ల షెడ్డుకు వచ్చి, బావతో నెమ్మదిగానే చెప్పింది.

"మేస్త్రీగారూ, ఈసారి బంతి పడే గుంతల చుట్టూ తప్ప ఇంకెక్కడా నీళ్ళు పెట్టొద్దు. పోటీ ముగిసేదాకా."

"చచ్చిపోతుంది మేడమ్."

"చావదు. నిద్రపోతుంది. నీళ్ళు తగిలితే మళ్ళీ లేస్తుంది."

బావ నా వైపు చూశాడు. గడ్డి నిద్రపోవడమేమిట్రా అని ఆ చూపు. నాకేం తెలుసు, నా మొహం.

కానీ కాదనడానికి లేదు. క్లబ్బు అధ్యక్షుడు మైదానం పనంతా బయటి కంపెనీకి అప్పగించాలని ఎప్పటినుంచో చూస్తున్నాడు. కొత్త పద్ధతులు పాతవాళ్ళ తలకెక్కవని ఆయన వాదన. మేడమ్ అడ్డుపడింది. మేస్త్రీ మాటిస్తే తప్పడు, ఆయన చేతే చేయించి గుర్తింపు తెస్తానంది. గుర్తింపు వస్తే బావ, ఆయన కింది మనుషులు ఉంటారు. రాకపోతే పోటీ అయిన మర్నాడే కంపెనీ వాళ్ళు దిగుతారు. "పోటీ ముగిసేదాకా చుక్క పొయ్యను" అని బావ మాటిచ్చాడు.

ఆ తర్వాత నేను బావను చూడలేకపోయాను. గడ్డి ముందు వాడింది, తర్వాత పాలిపోయింది, చివరికి గోనెసంచి రంగుకు వచ్చింది. ఆయన పొద్దున్నే వెళ్ళి దాని మధ్యలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. పక్కనే నీళ్ళ గొట్టం. తిప్పితే చాలు. తిప్పలేదు. ఇంటికొచ్చి అక్కను అడిగేవాడు, "బతికే ఉందంటావా?" అని.

"నాకేం తెలుసండీ, మీ మేడమ్‌ను అడగండి."

"ఆవిడ ఉందంటుంది. నా కళ్ళు లేదంటున్నాయి."

ఆ మాట అని మళ్ళీ కిటికీ వైపు తిరిగేవాడు. నాకు మేడమ్ మీద ఒళ్ళు మండేది. ఒక మనిషి పెంచినదాన్ని ఆ మనిషి చేతే మాడ్పించడం ఏం న్యాయం? మళ్ళీ సాయంత్రం మా వీధి కొళాయి దగ్గర బిందె పట్టుకుని, ధార సన్నబడుతుంటే చూస్తూ నిలబడినప్పుడు ఆవిడ చెప్పిందే న్యాయమనిపించేది. ఎటూ తేలక నా బుర్ర వేడెక్కిపోయింది.

పోటీకి ముందు సోమవారం ఆటగాళ్ళు సాధన చేస్తారు. ఆ రోజు నా బల్ల మీదకు వచ్చిన మొదటి జత బూట్లు తెల్లవి. పట్టుకునేసరికి నా అరచెయ్యి ఆకుపచ్చగా అయిపోయింది. రెండో జతా అంతే. ఒకాయన తెల్ల ప్యాంటు మోకాలి దగ్గర పచ్చగా అంటుకుంటే, నేనే పూసినట్టు నన్ను నిలదీశాడు. బయటికి వచ్చి చూశాను. మైదానమంతా పచ్చగా నిగనిగలాడుతోంది. ఇంతకాలం ఓర్చుకుని ఆఖరికి బావ మాట తప్పాడు, అందరి నోట్లో మట్టి కొట్టాడు అనుకున్నాను.

తప్పలేదు. మా మైదానంలో ఒక అలవాటుంది. పోటీ ముందు గడ్డి ఎక్కడన్నా పలచబడితే, టీవీలో బాగా కనపడాలని ఆకుపచ్చ రంగు చల్లుతారు. షెడ్డులో దాన్ని పెళ్ళికళ అంటారు. చల్లమని ఎవరూ చెప్పరు, వద్దనీ ఎవరూ అనరు. పొద్దున్నే మొహం కడుక్కోమని పెద్దవాళ్ళకు ఎవరన్నా చెబుతారా? మామూలుగా అక్కడింత, ఇక్కడింత. ఈసారి మైదానమంతా మాడింది కాబట్టి బావా, ఆయన మనుషులూ మైదానమంతా చల్లారు. కలపడానికి మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదు. బూట్లు కడిగిన నీళ్ళు డ్రమ్ములకొద్దీ నా గదిలోంచి పట్టుకుపోతుంటే దేనికో అనుకున్నాను. ఎండుగడ్డికి రంగు సరిగా పట్టక బూట్లకు అంటింది.

మేడమ్ మొదటి గుంత దగ్గర నిలబడి ఉంది. పక్కన పెద్ద బోర్డు, 'ఈ ఎండుగడ్డి మాకు గర్వకారణం' అని. దాని చుట్టూ పచ్చ. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"ఎందుకిలా చేశారు మేస్త్రీగారూ?"

"నీళ్ళు పొయ్యలేదమ్మా. తవ్వి చూసుకోండి, కింద పొడి."

"మరి ఈ రంగు?"

"పోటీ కదమ్మా."

ఆవిడకు అర్థం కాలేదు. ఆవిడకు ఎందుకు అర్థం కాలేదో ఆయనకు అర్థం కాలేదు. "మీరు నీళ్ళు మానమన్నారు, మానేశాను. ఎండినట్టు కనపడాలని ఎవరూ చెప్పలేదే" అన్నాడు.

ఇంతలో అధ్యక్షుడు ఊడిపడ్డాడు. "ఎల్లుండి పత్రికలవాళ్ళు వస్తారు. బోర్డు మీద ఒకటి, నేల మీద ఒకటి ఉంటే నవ్వులపాలవుతాం. ట్యాంకర్లు తెప్పించి రంగంతా కడిగించు మేస్త్రీ."

నీళ్ళు ఆదా చేసినట్టు కనపడటానికి నీళ్ళు పొయ్యాలన్నమాట. నేను మేడమ్ వంక చూశాను. "ఒక్కసారికే కదా" అంది ఆవిడ, నేల చూపులు చూస్తూ.

"నేను పొయ్యనండి. మాటిచ్చాను" అన్నాడు బావ.

"మాట తీసుకున్న ఆవిడే పొయ్యమంటోంది కదయ్యా."

"అదేమిటో నాకు తెలీదండి. పోటీ ముగిసేదాకా పొయ్యనన్నాను."

అధ్యక్షుడు ఇక ఆయనతో మాట్లాడలేదు. కంపెనీకి ఫోన్ చేశాడు. వాళ్ళ ట్యాంకర్లు ఆ సాయంత్రం, మర్నాడంతా తిరిగాయి. బావ నా గదిలో స్టూలు మీద కూర్చుని ఆ చప్పుడు వింటూ, ఊరికే ఉండలేక ఒక బూటు తీసుకుని తుడవసాగాడు.

బుధవారానికి గోనెసంచి రంగు బయటపడింది. పత్రికలవాళ్ళు ఫొటోలు తీసుకున్నారు. అధ్యక్షుడు బోర్డు పక్కన నిలబడి పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు. గురువారం పోటీ మొదలయ్యాక బూట్ల కింద మట్టి మెత్తగా రావడం మొదలైంది. శనివారం గడ్డి మొదళ్ళలో సన్నటి మొలక. ఆదివారం పొద్దుటికి మైదానమంతా లేతపచ్చ. రంగు కాదు, అసలుది.

బావ మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో నిమిరాడు. "బతికే ఉందిరా" అన్నాడు, చంటిపిల్లకు జ్వరం తగ్గినట్టు. కళ్ళు తుడుచుకున్నాడు. ఆ రోజే గుర్తింపు ఇచ్చే తనిఖీ అధికారి వస్తున్నాడని ఆ క్షణాన ఆయనకు గుర్తు లేదు.

అధ్యక్షుడికి గుర్తుంది. నా గదిలోకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, ఎప్పుడూ లేంది బావ భుజం మీద చెయ్యి వేశాడు.

"మేస్త్రీ, అలవాటుకొద్దీ నేనే నీళ్ళు పెట్టానని చెప్పు. పాతకాలం మనిషి, పొరపాటు చేశాడని వదిలేస్తారు. గుర్తింపు వస్తుంది. నువ్వుంటావు, నీ వాళ్ళంతా ఉంటారు. నాది పూచీ."

ఆయన వెళ్ళగానే నేను బావ మీద పడ్డాను. "ఒప్పుకో బావా. ఒక్క మాట. నీ సొమ్మేం పోతుంది?"

"పొయ్యనిది పోశానని ఎలా చెప్పనురా?"

"అందరూ అబద్ధాలే ఆడుతున్నారు కదా ఇక్కడ."

"ఏది అబద్ధమో, ఏది కాదో నాకు మొన్నటినుంచే తెలియడం లేదు. ఇదొక్కటే తెలుసు, నేను పొయ్యలేదు."

నాకు ఆయన్ని పట్టుకుని కుదిపెయ్యాలనిపించింది.

తనిఖీ అధికారి ఒక ఇనప పుల్ల నేలలో గుచ్చి చూశాడు. తడి. "నీళ్ళెవరు పెట్టారు?" అన్నాడు. అధ్యక్షుడు బావ వైపు చూశాడు. "నేను కాదండి" అన్నాడు బావ. అధికారి మేడమ్ వైపు తిరిగాడు. ఆవిడ బోర్డు వైపు ఒకసారి చూసింది. "ఆయన కాదు. మేమే పోయించాం" అంది. అధికారి పుల్ల తుడుచుకుని సంచిలో పెట్టుకున్నాడు. గుర్తింపు లేదు.

ఆ సాయంత్రం అక్క సంగతి విని ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి మా పక్కన కూర్చుంది. టీవీలో కప్పు ఇస్తున్నారు. ఈ మైదానంలో ఇంత అందమైన పచ్చిక ఎన్నడూ చూడలేదని వ్యాఖ్యాత పొగుడుతున్నాడు.

"వినండి, మిమ్మల్నే అంటున్నాడు" అంది అక్క.

"నన్ను కాదే. నేను ఎండగట్టాను. వాళ్ళు రంగు కడగబోతే అది లేచింది." నా వైపు తిరిగాడు. "నేనిప్పుడు సంతోషపడాలా, ఏడవాలా?"

అంతలోనే లేచి, చొక్కా వేసుకుని, చెప్పుల కోసం వెతకడం మొదలుపెట్టాడు.

"ఇప్పుడెక్కడికి?" అంది అక్క.

"కంపెనీ వాళ్ళ మేస్త్రీ అప్పుడే వచ్చి దిగాడట. లేచిన గడ్డిని వెంటనే ఎండబెడితే ఈసారి నిజంగానే చస్తుంది. ఎక్కడ ఎంత తడపాలో అతనికి చెప్పి వస్తాను."

"రేపటినుంచి ఆ గడ్డితో మీకేం సంబంధమండీ?"

ఆయన గుమ్మంలో ఆగి, ఆ ప్రశ్న ఏమిటో అర్థం కానట్టు అక్క వంక చూసి, వెళ్ళిపోయాడు.