చెవి మిషన్ల ఆవిడ కట్టిన ఫేజర్

ఆవిడ పద్దెనిమిదేళ్ళుగా చెవి మిషన్లు బాగుచేస్తోంది. కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో ఒక బల్ల, ఒక దీపం, ఒక భూతద్దం, అంతే. వచ్చేవాళ్ళ ఫిర్యాదులు ఎప్పుడూ ఆ నాలుగే. గుయ్‌మంటోంది, ఈల వేస్తోంది, గరగరలాడుతోంది, మాట నీళ్ళలోంచి వస్తున్నట్టుంది. ఆవిడ ఆ గుయ్‌ని, ఈలని, గరగరని, నీళ్ళని తీసేసి పంపించేది. అందుకే బావగారు అడిగింది మొదట ఆవిడ బుర్రకెక్కలేదు.

బావగారు, అంటే భర్తకు అన్నగారు, వారానికి మూడు సాయంత్రాలు ఒక హోటల్లో గిటారు వాయిస్తారు. ఆయన కాలితో నొక్కే ఫేజర్ పెట్టె మీద ఎవరో సూప్ ఒలకబోశారు. ఆవిడ విప్పి చూసి, ఇందులో బాగుచెయ్యడానికి ఏమీ మిగల్లేదంది. అయితే కొత్తది కట్టిపెట్టమన్నారాయన. అసలు అది చేసే పనేమిటని అడిగింది. గిటారు శబ్దాన్ని రెండు పాయలుగా చీల్చి, ఒక పాయను కాస్త వెనకబెట్టి, మళ్ళీ రెండూ కలుపుతుందట. ఆ వెనకబాటు పెరుగుతూ తరుగుతూ ఉంటే శబ్దం సుళ్ళు తిరుగుతుందట.

"అంటే, శుభ్రంగా ఉన్నదాన్ని పాడుచెయ్యాలన్నమాట," అంది ఆవిడ.

"అవునమ్మా. కానీ పద్ధతిగా పాడుచెయ్యాలి," అన్నారు బావగారు.

పద్ధతి అన్నాక ఆవిడ కాదనలేకపోయింది.

టంకం పెట్టే ముందు బ్రెడ్‌బోర్డు మీద కట్టి చూసుకుందామనుకుంది. అది నిండా చిల్లులున్న ప్లాస్టిక్ పలక. తీగల్ని గుచ్చుకోవచ్చు, తప్పయితే పీక్కోవచ్చు. ఆదివారం బావగారి పాత గిటారు, స్పీకరు అడిగి తెచ్చుకుని, భోజనాల బల్ల మీద మొదలుపెట్టింది. ఆ రోజు నుంచి భర్త పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని తినడం అలవాటు చేసుకున్నాడు.

సాయంత్రానికి సర్క్యూటు పూర్తయింది. చప్పుడు మాత్రం లేదు. సర్క్యూటు పటం చూసి ప్రతి తీగనూ సరిచూసుకుంది. ఒక్క తప్పూ దొరకలేదు. అదే ఆవిడకు ఒళ్ళు మండించింది. మరుసటి ఆదివారం మీటరు పెట్టి చూస్తే తేలింది. పలక అంచున కరెంటు వెళ్ళే గీత పైకి ఒకటే అయినా లోపల మధ్యలో తెగి ఉంది. సగం సర్క్యూటు వారం రోజులుగా బ్యాటరీ మొహమే చూడలేదు. తీగ ముక్కతో అతికింది. శబ్దం వచ్చింది, కానీ సుడి లేదు.

శబ్దాన్ని వెనకబెట్టే ట్రాన్సిస్టర్లు నాలుగూ అచ్చుగుద్దినట్టు ఉంటేనే సుడి పడుతుంది. స్పేర్ పార్టుల దుకాణాయన, అన్నీ ఒకే డబ్బాలోవి, తేడా ఎందుకుంటుందమ్మా అన్నాడు. ఒకే తల్లి పిల్లలైన తన భర్తా బావగారూ ఎంత ఒకేలా ఉంటారో ఆవిడకు తెలుసు. నలభై కొని తెచ్చింది. ఒక్కొక్కదాన్నీ కొలిచి, అంకె రాసిన కాగితం ముక్క అంటించి, వరసలో పేర్చింది. దగ్గర దగ్గరగా ఉన్న నాలుగింటిని ఏరి గుచ్చింది.

ఆవిడకు గిటారు రాదు. ఎడమచేత్తో ఒకే తీగ మీటుతూ, కుడిచేత్తో చిన్న స్క్రూడ్రైవరుతో పలక మీది సర్దుబాటు మర తిప్పింది. వెంట్రుకవాసి తిప్పగానే శబ్దం ఒక్కసారి ఉబ్బి, మెలి తిరిగి, గది చుట్టి వచ్చింది. ఆవిడ ఆ ఒక్క తీగనే అరగంట మీటింది.

పక్క గదిలోంచి అత్తగారు చెవి మిషన్ తీసి చేత్తో పట్టుకుని వచ్చింది.

"అమ్మాయ్, ఇది పాడైనట్టుంది. ఒకసారి చూడు."

ఆవిడ దాన్ని తిరిగి అత్తగారి చెవికి పెట్టింది. "మిషన్ బానే ఉంది అత్తయ్యా. నేనే అలా చేస్తున్నా."

అత్తగారు కుర్చీ లాక్కుని కూర్చుంది. "అయితే ఇంకోసారి చెయ్యి."

పద్దెనిమిదేళ్ళలో ఒక శబ్దాన్ని మళ్ళీ వినిపించమని ఆవిడను అడిగినవాళ్ళు లేరు. ఇంకోసారి చేసింది. తర్వాత మరో ఆరుసార్లు చేసింది.

బావగారు వచ్చి విని, సుడి కాస్త జోరుగా ఉందన్నారు. తగ్గించింది. ఇంకేమీ అనకుండా గంటసేపు వాయించుకుని, టీ చల్లారిపోయాక తాగి వెళ్ళారు. ఆయన మెచ్చుకోవడం అలాగే ఉంటుంది. వారంలో ఆవిడ అంతా చిల్లుల పలక మీంచి అసలు బోర్డు మీదకి ఎక్కించి, టంకం పెట్టి, మూత గట్టిగా బిగిసే రేకు పెట్టెలో అమర్చి ఇచ్చింది.

ఆ శనివారం భార్యాభర్తలిద్దరూ ఆ హోటల్‌కి వెళ్ళారు. మూడో పాటలో బావగారు కాలితో మీట నొక్కారు. శబ్దం మెల్లగా సుళ్ళు తిరగడం మొదలుపెట్టింది. పళ్ళేల్లోంచి తల ఎత్తినవాళ్ళు లేరు. పక్క బల్ల దగ్గరి పెద్దాయన మాత్రం వెయిటర్‌ను పిలిచి, పైన ఫ్యాను చప్పుడు చేస్తోంది, తగ్గించమన్నాడు. వెయిటర్ తగ్గించాడు. అప్పుడే పాట అయిపోయి బావగారు మీట ఆపేశారు.

"ఇప్పుడు నయం," అన్నాడు పెద్దాయన.

ఆవిడ తల వంచుకుని తన పళ్ళెం ఖాళీ చేసింది. ఎందుకు నవ్వుతున్నావని భర్త దారిలో రెండుసార్లు అడిగాడు. ఇంటికి వెళ్ళాక అత్తగారికి ముందు చెప్పింది.